పసుపు గీత దాటి రెండు చుట్లు

మార్చి రెండో వారంలో, పగలు పదకొండున్నరకు, మా మూడు ట్రక్కులు రాయదుర్గం దాటి మట్టిరోడ్డులో ఆరు కిలోమీటర్లు పోయి ఒక పాత క్వారీ ముందు ఆగాయి. దిగగానే నీళ్ళ ట్యాంకరు ఎక్కడుందో చూసుకున్నాను. తర్వాత నీడ ఎక్కడుందో వెతికాను. ట్యాంకరు ఉంది. నీడ లేదు.

మిలిట్రీ అంటే మన ఊళ్ళో అందరికీ మంచు, సరిహద్దు, తుపాకీ గుర్తొస్తాయి. పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్నవాళ్ళు నన్నడిగేది ఒకటే ప్రశ్న: "ఎంతమందిని కాల్చినావన్నా?" ఒక్కరినీ కాల్చలేదు. నేను ఇంజనీర్ల దళంలో హవల్దార్ని. మేం దారులు వేస్తాం, వంతెనలు కడతాం, కొండ మీంచి రాళ్ళు దొర్లే చోట కంచెలు కడతాం. ఇరవై రెండేళ్ళు దేశమంతా తిప్పి, చివరికి నన్ను సొంత జిల్లాకే డ్యూటీకి పంపారు. ఎనభై రోజులు. అడిగినవాళ్ళకు ఆ ఎనభై రోజుల సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు.

గ్రానైటు కోసం కొండను సగం కోసి వదిలేసిన చోటు అది. నిలువుగోడ అరవై అడుగులు. గోడ ముందు చదునైన బండ నేల. దాని చివర ఒక గుంత, అందులో పాత వాన నీళ్ళు పచ్చగా, మోకాలి లోతున. చుట్టూ కంపచెట్లు. ఆవల కాయ పీకేసిన వేరుశనగ చేలు, ఎర్రగా, ఖాళీగా. ఆ రోజు ఎండ ముప్పై తొమ్మిది డిగ్రీలు. రెండు దాటితే పడమటి గాలి, దాంతోపాటు రాతిపొడి. సాయంత్రానికి మా కనుబొమలు తెల్లబడ్డాయి.

దించిన సామాను: ఒక క్రేను, నాలుగు డేరాలు, ఎనిమిది ఇనుప స్తంభాలు, వల చుట్టలు, ఉక్కుతాడు చుట్టలు, రెండు పెట్టెల బోల్టులు, వైర్‌లెస్ సెట్లు, ఒక సైరను, పన్నెండు ఎర్రజెండాలు. మొత్తం పదకొండు మందిమి. పెద్ద ఒక కెప్టెన్ సాబ్. ఉత్తరాది మనిషి, ముప్పై కూడా నిండలేదు. మాకందరికీ టోపీలు పెట్టుకోమని చెప్పి తాను ఉత్త తలతో ఎండలో తిరిగే రకం. తెలుగు ఒక్క ముక్క రాదు. అందుకే తెలుగువాణ్ణి నన్ను వెంట తెచ్చుకున్నాడు. మా మధ్య మాటలన్నీ హిందీలోనే, మీకోసం తెలుగు చేసి చెప్తున్నాను.

నాలుగింటికి వరుసలో నిలబెట్టి ఆర్డరు చదివాడు.

"పై కొండల్లో మన పోస్టు ఒకటుంది. పద్నాలుగు మంది. వాళ్ళు పడుకునే షెడ్డు, నడిచే దారి, రెండూ వాలు కిందే. మే చివర మంచు కరిగి రాళ్ళు వదులవుతాయి. పోయినేడు కట్టిన కంచె ఒక్క దెబ్బకే పోయింది. అంతకంటే గట్టి దెబ్బ తట్టుకునే కంచె కావాలి. ఇక్కడ కడతాం, బండలు పడేసి చూస్తాం, నిలిచినదాన్ని పంపుతాం. ప్రశ్నలున్నాయా?"

ఎవరికీ లేవు. నాకు ఉండాల్సింది ప్రశ్న కాదు, జవాబు. పోయినేడు ఆ కంచె కట్టింది నేనే.

ఆ కంచె సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఇనుప స్తంభాల మధ్య ఇనుప వల వేలాడుతుంది. వలను ఉక్కుతాడు మోస్తుంది. తాడు కొసన బ్రేకు ఉంటుంది. అరచేయంత ఇనుప పలకలు రెండు తాడును అటూఇటూ నొక్కి పట్టుకుంటాయి. పలకలను బిగించే బోల్టుల మీద పసుపు గీత ఉంటుంది. నట్టును ఆ గీత దాకా తిప్పాలి, దాటకూడదు. రాయి వచ్చి వలలో పడినప్పుడు తాడు ఆ పలకల మధ్య కొంచెం కొంచెంగా జారాలి. అలా జారేటప్పుడే రాయి వేగం చస్తుంది. అందుకని వల కాస్త వదులుగా ఉంటుంది, పలకల వెనక ఆరడుగుల తాడు ఊరికే వేలాడుతుంటుంది.

నేను పుట్టింది నల్లమాడ దగ్గర. మా ఊళ్ళో ఎవరి మంచానికి నులక అల్లాలన్నా మా నాయనే పోవాలి. మా ఇంట్లో వదులు అన్నది తిట్టు. మంచం కుంగితే "ఇది మంచమా, ఊయలా?" అని ఎత్తిపొడుపు. చేనికి పందుల కంచె కట్టినా అదే లెక్క. తీగ మీద గోటితో కొడితే మోగాలి. మోగకపోతే విప్పి మళ్ళీ కట్టాలి. పదేళ్ళ వయసు నుంచి నా చేతులకు తెలిసిన పనితనం అదొక్కటే.

పై పోస్టులో ఆ వదులు వల చూస్తే, వేలాడే తాడు చూస్తే, నా చేతులు ఊరుకోలేదు. ఎవరో సోమరి కట్టినట్టుంది. పసుపు గీత గురించి మాకు చదివి వినిపించారు. విన్నాను, తలూపాను. ఆఫీసరు కిందికి దిగిపోయాక పానాకు పైపు ముక్క తొడిగి, ప్రతి నట్టునూ గీత దాటి రెండు చుట్లు తిప్పాను. వేలాడే తాడంతా లాగేసి వలను బిర్రుగా నిలబెట్టాను. ఎవరూ చెప్పలేదు. పని బాగా చేస్తున్నాననుకునే చేశాను.

మరుసటి రోజు నీళ్ళ ట్రక్కు డ్రైవర్ వచ్చాడు. కొండ ఊరివాడు, నాకంటే నాలుగేళ్ళు చిన్న, నన్ను ఉస్తాద్ అనేవాడు. వాలు కింద ట్రక్కు ఆపాలంటే వాడికెప్పుడూ భయమే. దిగి, కంచె దగ్గరికొచ్చి, తాడు మీద గోటితో ఒకటి కొట్టాడు. టంగుమంది. నవ్వాడు. "ఉస్తాద్, సితార్ కట్టావే. ఇంక నిశ్చింతగా ఆపుకుంటా" అన్నాడు.

పన్నెండో రోజు రాయి వచ్చింది. తాడు జారలేదు, తెగింది. స్తంభం పునాదితో సహా ఊడిపోయింది. డ్రైవర్ ఇంకా సీట్లోనే ఉన్న ట్రక్కు ముందుభాగం మీద రాయి ఆగింది. అందరూ డ్రైవర్ వైపు పరిగెత్తారు, నేనూ పరిగెత్తాను. కానీ దారిలో వంగి, కింద పడ్డ బ్రేకు పలకను తీశాను. లోపలి వైపు చూశాను. తాడు జారి ఉంటే అక్కడ రంగు గీసుకుపోయి ఇనుము బయటపడాలి. రంగు కొత్త పెళ్ళికూతురి చీరలా ఉంది. జేబులో వేసుకున్నాను.

విచారణలో నన్నడిగారు: "గీత ప్రకారమే బిగించారా?" అవును సాబ్ అన్నాను. రాయి కొలతకు మించి పెద్దదని రాసుకుని పోయారు. ఆ పలకను గుడ్డలో చుట్టి బెడ్డింగులో పెట్టుకున్నాను. క్వారీకీ తెచ్చుకున్నాను. పారేయడానికి ధైర్యం లేదు, చూపించడానికీ లేదు.

కెప్టెన్ సాబ్ చేతిలో ఉన్నది ఆ విచారణ కాగితమే. గీత ప్రకారం బిగించినా తాడు తెగిందంటే తాడు చాలలేదని ఎవరైనా అనుకుంటారు. ఆయనా అదే అనుకున్నాడు. తాడు లావు పెంచాడు, బ్రేకు ఇంకా బిగించమన్నాడు. నా అబద్ధం మీద లెక్కలు కడుతున్నాడని నాకు మొదటి రోజే తెలిసింది.

బండలు కొట్టడానికి ఊరి నుంచి రాతిపని గుంపును పెట్టుకున్నాం. ఆరుగురు. పెద్ద ఒక మేస్త్రి, అరవై ఐదు దాటిన మనిషి. ఎడమ చెయ్యి బొటనవేలు సగమే ఉంది. ఆయన మాకు బండలు సైజుకు కొట్టి, క్రేను కొక్కేనికి రంధ్రం వేసివ్వాలి. గట్టు పైనుంచి బండను కిందికి దించేటప్పుడు వాళ్ళ పని చూశాను. నేలలో గునపం దిగ్గొట్టి, మోకును దానికి మూడు చుట్లు చుట్టి, కొస ఒక్కడు పట్టుకుంటాడు. బండ జారుతుంటే వాడు కొంచెం కొంచెంగా మోకు వదులుతుంటాడు. ఒక్క మనిషి, ఒక టన్ను రాయి. గునపం దగ్గర మోకు పొగలు కక్కుతుంటే చెంబుడు నీళ్ళు పోస్తారు. నేను ఎక్కువసేపు చూడలేకపోయాను.

పైనుంచి వదిలిన బండ వలలో పడేలా కంచెను గోడ వైపు వంచి కట్టాం. పరీక్ష రోజుల పద్ధతి ఇది. ఏడూ నలభై ఐదుకు రాయదుర్గం జీన్స్ కుట్టుబడికి పోయే ఆడవాళ్ళ ఆటోలు కింది రోడ్డు దాటాలి. అవి దాటాక సైరను, ఎర్రజెండాలు. మేం నలభై అడుగుల దూరంలో ఇసుక మూటల బంకరులోకి. తర్వాత వైర్‌లెస్.

"పైన బండ కొక్కేనికి ఉంది."

"కింద ఖాళీ."

"ఐదు. నాలుగు. మూడు."

మొదటి దెబ్బకు తాడు తెగింది. తెగిన కొస గాలిలో ఈల వేస్తూ వచ్చి మా ముందున్న ఇసుక మూటను చీల్చింది. ఇసుక నా బూట్ల మీదికి ధారగా కారింది. రెండోసారి ఇంకా లావు తాడు. నిలిచింది, స్తంభం వంగింది. మూడోసారి జంట తాడు, వలకు సరిగ్గా నడుమ దెబ్బ. నిలిచింది. కెప్టెన్ సాబ్ మొదటిసారి టోపీ పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. సంతోషమంటే ఆయనకు అంతే.

మేస్త్రి వచ్చి తాడు మీద చెయ్యి వేసి చూశాడు. కెప్టెన్ సాబ్ మొహం చూసి, నా మొహం చూసి, చెప్పాడు.

"అప్పా, మీ సారుకు చెప్పు. ఇది నడుమ పడింది గాబట్టి నిల్చింది. కొసన, గుంజ పక్కన పడనీ, గుంజ పెరక్కోని పోతాది. రాయిని అడ్డం నిలబడి ఆపగూడదు. దాన్ని అలిసిపోనియ్యల్ల. తాడు వదుల్తా పోవల్ల. మేము మోకు వదిలేది సూసినావు గదా."

"ఏమంటున్నారు?" అన్నాడు కెప్టెన్ సాబ్.

"పని బాగుందంటున్నారు సాబ్."

కెప్టెన్ సాబ్ మేస్త్రికి చేతులు జోడించి నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు.

ఆ సాయంత్రం ఆరుంబావుకు పై పోస్టుకు ఫోన్ కలిసింది. అవతల సుబేదార్ సాబ్. డ్రైవర్‌ను ప్రాణం పోయాక ట్రక్కులోంచి బయటికి తీసిన మనిషి ఆయనే. గాలి హోరులో గొంతు తెగి తెగి వినిపిస్తోంది.

"ఈసారి ఎండ తొందరగా వచ్చింది. చిన్న రాళ్ళు మొదలయ్యాయి. రాత్రుళ్ళు రేకుల మీద పడుతున్నాయి. మీ కంచె ఎప్పుడు?"

"గురువారం లోడు ఎత్తుతున్నారు సాబ్."

"నువ్వు దగ్గరుండి చూస్తున్నావు కదా? అది చాలు. పిల్లలకు అదే చెప్తా."

పిల్లలంటే ఆయన కింద ఉన్న పదమూడు మంది జవాన్లు. ఫోన్ పెట్టేశాక నా చెవి చాలాసేపు వేడిగా ఉంది. నాకు భయమేసింది. పింఛనుకు రెండేళ్ళుంది. నోరు విప్పితే చొక్కా చేతి మీది హవల్దార్ పట్టీలు పోతాయి, జైలు కూడా పడవచ్చు. విప్పకపోతే గురువారం నా అబద్ధం లారీ ఎక్కి కొండకు పోతుంది, దాని కింద పద్నాలుగు మంది పడుకుంటారు. ఇందులో తూకం వేయడానికి ఏముందని మీరనవచ్చు. నేను మాత్రం రెండు రోజులు తూకం వేశాను. సిగ్గుపడే మాటే, కానీ నిజం.

బుధవారం మధ్యాహ్నం, నీళ్ళ ట్యాంకరు నీడలో మేస్త్రి సద్ది విప్పాడు. నన్ను పిలిచి రాగిసంగటి ముద్ద సగం తుంచి చేతిలో పెట్టాడు. నేను తింటుంటే అడిగాడు.

"ఏమప్పా, ఆ పొద్దు నేను ఇన్ని మాటలు సెప్తి. నువ్వు మీ సారుకు రెండే మాటలు సెప్తివి. హిందీ అంత పొట్టిగుంటాదా?"

"లేదు పెద్దాయనా."

"మరి సెప్పలేదేమి? వాళ్ళు యాడోళ్ళో, ఆ కొండ యాడుండాదో నాకు దెలీదు. రాయి మాత్రం యాడైనా రాయే. నా ఏలు తిన్నది గూడ ఇట్లాంటి మొండి పట్టే. మోకు వదల్రా అంటాండారు అందరూ, నేను వదల్లే. రోషం." సగం బొటనవేలు చూపించాడు. "నీది ఏం రోషమో నాకు దెలీదు. తిను."

 చెయ్యి కడుక్కుని నా డేరాకు పోయాను. బెడ్డింగు విప్పాను. నాలుగూ పదికి కెప్టెన్ సాబ్ డేరాలో నిలబడ్డాను. లోపల నలభై మూడు డిగ్రీలు. గుడ్డ విప్పి పలకను బల్ల మీద పెట్టాను.

ఆయన దాన్ని తిప్పి చూశాడు. లోపలి రంగు మీద బొటనవేలు రాశాడు. ఇంజనీరు కదా, నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

"ఏ బ్రేకుది?"

"పై పోస్టుది సాబ్. పోయినేటిది."

"ఎంత బిగించావు?"

"గీత దాటి రెండు చుట్లు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సాబ్. వదులుగా ఉందని నేనే బిగించాను. విచారణలో అబద్ధం చెప్పాను. మేస్త్రి మాట కూడా మీకు తప్పు చెప్పాను."

ఆయన లేచి బయటికి పోయాడు. ఎండలో డేరా చుట్టూ తిరుగుతున్న బూట్ల చప్పుడు వింటూ నిలబడ్డాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను. తిరిగొచ్చి, నన్ను చూడకుండా కాగితం ముందుకు తోశాడు.

"రాసి సంతకం పెట్టు. అది ఎక్కడికి పోవాలో అక్కడికి పోతుంది, నేను ఆపను. గురువారం లారీ ఆపుతున్నాను. ఇప్పుడు మేస్త్రిని పిలువు. ఈసారి ఆయన అన్నది అన్నట్టు చెప్పు. ఒక్క మాట మింగినా ఊరుకోను."

మేస్త్రి వచ్చాడు. గంటన్నర మాట్లాడాడు. నేను ఒక్క మాట మింగలేదు. "మీ సారు గూడ ఎండకు మాడినాడు పాపం, మజ్జిగ తాగమను" అన్నది కూడా చెప్పాను.

మిగిలిన రోజులు తెల్లారి ఐదు నుంచి పని. జంట తాడు తీసేశాం. ఒంటి తాడు, వదులు వల, నట్టు గీత దగ్గరే. మొదటి పరీక్షలో బ్రేకు మరీ తేలికగా జారి, తాడంతా అయిపోయి, బండ వలతో సహా నేలకు తగిలింది. మేస్త్రి మూడు వేళ్ళు చూపించాడు. ఆయన గునపానికి మూడు చుట్లు చుట్టినట్టే, ఒక్క బ్రేకుకు బదులు తాడు మీద వరసగా మూడు బ్రేకులు పెట్టాం. ఒకటి మొదట జారాలి, తర్వాత రెండోది, చివరికి మూడోది. స్తంభాల మొదట్లో బండరాయి బదులు రాతిపొడి, కంకర మెత్తగా నింపాం. స్తంభం కూడా కాస్త ఒరిగే వీలుండాలని మేస్త్రి పట్టుబట్టాడు. ఈసారి నట్లు నేనే తిప్పాను. గీత దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఇంకా తిప్పమనేది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఆపుకున్నాను.

మే పదిహేడున చివరి పరీక్ష. రెండు టన్నుల బండ. దెబ్బ నడుమ కాదు, కొసన, స్తంభం పక్కనే. పోయినేడు రాయి తగిలిన చోటే.

ఆటోలు పోయాయి. సైరను మోగింది.

"పైన బండ కొక్కేనికి ఉంది."

"కింద ఖాళీ."

"మూడు. రెండు. ఒకటి. వదులు."

బండ పడలేదు. కొక్కెం పట్టేసింది. అరవై అడుగుల ఎత్తున రెండు టన్నులు మెల్లగా అటూఇటూ తిరుగుతోంది. కెప్టెన్ సాబ్ సెట్‌లో అన్నాడు: "ఎవరూ కదలొద్దు. బంకరులోనే ఉండండి."

నాలుగు నిమిషాలు. ఆరు. చెమట కళ్ళలోకి కారుతోంది. తొమ్మిదో నిమిషంలో గంట చప్పుడు వినపడింది. కంపచెట్ల సందులోంచి గొర్రెలు. జెండా పట్టుకున్నవాడు హిందీలో అరుస్తున్నా వాడి పక్కనుంచే దిగి, కంచె వెనక నుంచి నీళ్ళ గుంత వైపు బారుగా పోతున్నాయి. వాటి వెనక కర్ర పట్టుకుని ఒకామె.

బంకరులో తెలుగు వచ్చింది నాకొక్కడికే. లేచి అరిచాను. గాలికి ఆమెకు వినపడలేదు. బంకరు దాటాను. వెనక నుంచి కెప్టెన్ సాబ్ నన్ను పేరు పెట్టి అరవడం విన్నాను, ఆగలేదు. కంచె వెనక్కి పరిగెత్తి, అక్కడ పాతిన ఎర్రజెండా పీకి, ఆ కర్రతో గొర్రెలకు అడ్డం పడ్డాను.

"అమ్మా, ఎనక్కి తిప్పు! పైన బండ ఉండాది!"

"ఏమప్పా, అట్ల అరుస్తావు? ఈ కాలంలో నీళ్ళు ఇంక యాడుండాయి? గొర్లకు నీ జెండా దెలుస్తాదా?"

"తిప్పుమ్మా, నీకు దండం పెడ్తా!"

అప్పుడే పైన టక్కుమంది.

మేమిద్దరం, గొర్రెలు, కంచెకు ఇరవై అడుగుల వెనక ఉన్నాం. పరిగెత్తే వ్యవధి లేదు. డ్రైవర్ ఏం చూసి ఉంటాడో నేనూ అదే చూశాను. ముందు నీడ. తర్వాత రాయి. అది వలలో, స్తంభం పక్కన, నేను కట్టిన ముడి మీద పడింది.

మొదటి బ్రేకు కీచుమంది. వల నా వైపు ఉబ్బింది. రెండోది అరిచింది. పలకల్లోంచి పొగ, కాలిన రంగు వాసన. వల ఇంకా వస్తూనే ఉంది. స్తంభం కంకరలో ఒరిగింది, ఊడలేదు. మూడోది సన్నగా మూలిగి ఆగింది. పొద్దంతా దున్నిన ఎద్దు కూలబడినట్టు బండ వలలో కూర్చుంది. నాకూ దానికీ మధ్య ఎనిమిదడుగులు.

 కింద కూర్చుండిపోయాను. గొర్రెలు చెదిరి, మళ్ళీ కలిసి, నన్ను దాటుకుని నీళ్ళకు పోయాయి. ఆమె కాసేపు బండను, కాసేపు నన్ను చూసింది.

"దీనికేనా అంత అరిసినావు? అది ఆడనే నిల్సిపాయె గదా" అంది.

మధ్యాహ్నం బ్రేకులు విప్పాం. మూడింటి పలకల్లోనూ లోపలి రంగు లేదు. ఇనుము తళతళలాడుతోంది, తాడు జారిన చార నున్నగా ఉంది. కెప్టెన్ సాబ్ ఒక పలకను బల్ల మీద నా పాత పలక పక్కన పెట్టాడు. రెండూ చాలాసేపు చూశాం.  నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మూడో రోజు లోడు ఎత్తాం. దాంతోపాటు నా సంతకం ఉన్న కాగితం కూడా వేరే దారిలో పోయింది. జూన్ మొదట్లో, క్వారీ ఖాళీ చేసి డేరాలు మడుస్తుండగా, పై పోస్టు నుంచి ఫోన్ వచ్చింది. సుబేదార్ సాబ్ నన్నే అడిగాడు. నా కాగితం సంగతి ఆయనకు అప్పటికే తెలుసు. గొంతులో పాత చనువు లేదు.

"పొద్దున పెద్దది వచ్చింది. వలలో కూర్చుంది. పద్నాలుగు మందీ ఉన్నాం. చెప్పాలనిపించింది, చెప్తున్నాను."

అంతే, పెట్టేశాడు. నేనింకా రిసీవరు చెవికి పెట్టుకునే నిలబడ్డాను.

మళ్ళీ విచారణ జరిగింది. ఈసారి అడిగినదానికల్లా నిజం చెప్పాను. మూడు పట్టీల్లో ఒకటి తీసేశారు. జైలు తప్పింది, కెప్టెన్ సాబ్ నా గురించి ఏదో రాశాడని విన్నాను. డ్రైవర్ ఇంటికి ఉత్తరం రాశాను, నా తప్పు ఏమిటో ఒక్కటీ దాచకుండా. జవాబు రాలేదు. రావాలని అడిగే హక్కు నాకు లేదు.

రెండేళ్ళ తర్వాత పెట్టె, బెడ్డింగు తీసుకుని కదిరిలో బస్సు మారి ఇంటికొచ్చాను. మా నాయనకు కళ్ళు తగ్గాయి, నోరు తగ్గలేదు. వచ్చిన మూడో రోజే మంచం చూపించాడు.

"ఏమిరా, మిలిట్రీకి పొయ్యి మంచం బిగించేది మర్సిపోయినావా? కుంగిపోయుండాది, సూడు."

కాళ్ళ వైపు తాడు విప్పి, వరసకొక లాగు లాగుతూ బిగించాను. మంచానికి బిగువే కావాలి, అది నాకు తెలుసు. ఆఖరి ముడి వేశాక నాయన తడుముకుంటూ వచ్చి, వంగి, తాడు మీద గోటితో కొట్టాడు. మోగింది.

"ఆఁ, ఇది మంచం" అన్నాడు.

నేను లేచి బయటికి వచ్చేశాను. బండ నా మీదికి రావడం నాకు కల్లోకి రాదు. ట్రక్కు మీద రాయి కూడా రాదు. పగలే, ఎవరు ఏ తాడు ముట్టినా వచ్చేది ఇదొక్కటే: డ్రైవర్ ట్రక్కు తలుపు తెరిచే ఉంచి కంచె దగ్గరికొస్తాడు, గోటితో తాడు మీద కొడతాడు, అది మోగుతుంది, వాడు నా వైపు తిరిగి నవ్వి, భయం పోయినవాడిలా పోయి సీట్లో కూర్చుంటాడు.